అదే బ్యాండు, అదే పాట, రెండు సీడీలు: జపాన్ రాకబిలీలో ఏది కొనాలి?

టోక్యోలోని షింజుకులో ఒక సెకండ్‌హ్యాండ్ రికార్డుల షాపులో, ఒకే రాకబిలీ (50ల అమెరికాలో కంట్రీ, బ్లూస్ కలిసి పుట్టిన తొలి తరం రాక్ అండ్ రోల్) బ్యాండు సీడీలు రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డ సాయంత్రం నాకు బాగా గుర్తు. కుడి చేతిలో ఉన్నది 70ల నాటి పాటలు. కవరు మీద పాతికేళ్లు కూడా నిండని కుర్రాళ్లు, నూనె పెట్టి వెనక్కి దువ్విన జుట్టు, నల్ల తోలు జాకెట్లు. ఎడమ చేతిలో ఉన్నవీ అవే పాటలే, కానీ కవరు మీది మనుషులకు అరవై దాటాయి. దువ్వుడు మాత్రం మారలేదు. తొలి రోజుల పాటలనే ఆ బ్యాండు మళ్లీ స్టూడియోకి వెళ్లి కొత్తగా పాడి, వాయించి విడుదల చేసింది. ధరలో పెద్ద తేడా లేదు. పావుగంట అటూ ఇటూ తిప్పి చూసి ఎడమ చేతిలోది కొన్నాను. సరిగ్గా వారానికి మళ్లీ అదే షాపుకు వెళ్లి రెండోది కూడా తెచ్చుకున్నాను.

అలా రెండుసార్లు తిరగాల్సిన పని మీకు రాకూడదని ఇది రాస్తున్నాను. ఇప్పుడు నా దగ్గర ఇలాంటి జంటలు చాలానే ఉన్నాయి. ఎవరికి ఏది నప్పుతుందో నాకు ఒక స్పష్టమైన అభిప్రాయం ఏర్పడింది.

ముందు ఒక మాట. మన సినిమావాళ్ల భాషలో రీరికార్డింగ్ అంటే నేపథ్య సంగీతం. ఇక్కడ చెప్పేది అది కాదు. బ్యాండు తన పాత పాటనే మొదటి నుంచి మళ్లీ రికార్డు చేయడం. జపాన్‌లో దీన్ని ‘సెల్ఫ్ కవర్’ అంటారు. ఆ మాటకు అక్కడ ఇంకో వాడుక కూడా ఉంది: ఒక రచయిత వేరే గాయకుడికి రాసిచ్చిన పాటను తర్వాత తనే పాడుకున్నా సెల్ఫ్ కవరే. అందుకని ఆ మాట కనిపించగానే పాత హిట్లన్నీ మళ్లీ పాడారు కాబోలు అనుకోకండి, పాటల పట్టీ చూడండి. రీమాస్టర్ ఇంకా వేరు. అందులో పాత టేపే ఉంటుంది, దాని శబ్దాన్ని శుభ్రం చేసి, హెచ్చుతగ్గులు సరిచేసి మళ్లీ వదులుతారు. గొంతు పాతదే, గిటారు పాతదే. రీమాస్టర్‌కీ రీరికార్డింగ్‌కీ తేడా తెలియక డబ్బు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ. వాళ్లలో నేనూ ఒకణ్ని, ఆ సంగతి కింద చెబుతాను.

అసలు జపాన్‌కీ రాకబిలీకీ ఇంత బంధం ఎలా వచ్చిందో కాస్త తెలిస్తే ఎంపిక తేలికవుతుంది. 1958 ఫిబ్రవరిలో టోక్యో యురాకుచోలోని నిచిగెకి థియేటర్లో వెస్టర్న్ కార్నివాల్ అనే కచేరీలు మొదలయ్యాయి. మొదటి వారంలోనే 45 వేల మంది వచ్చారు. హిరావో మసాకి, యమషిత కెయిజిరో, మిక్కీ కర్టిస్ అనే ముగ్గురు గాయకులకు అమ్మాయిలు స్టేజీ మీదకు కాగితపు రిబ్బన్లు విసిరేవారు. ఆ హోరు తగ్గిన చాలా ఏళ్లకు, 1972లో, టోక్యో పక్కనున్న కవసాకి ఊళ్లో కారోల్ అనే నలుగురి బ్యాండు పుట్టింది. యజవా ఎయికిచి బాస్, జానీ ఓకురా గిటారు, ఇద్దరూ పాడేవారు. ఆ డిసెంబరులో ‘లూయిజియానా’ సింగిల్ వచ్చింది. వాళ్లను స్టూడియోకి తీసుకెళ్లి ప్రొడ్యూస్ చేసింది ఎవరో కాదు, నిచిగెకి ముగ్గురిలో ఒకడైన మిక్కీ కర్టిస్. 1975 ఏప్రిల్ 13న హిబియా ఆరుబయలు వేదిక మీద కారోల్ చివరి కచేరీ జరిగింది. ముగింపులో స్టేజీ సెట్టు అంటుకుని కాలిపోయింది. ఆ రోజు బందోబస్తుకు నిలబడ్డ మోటారు సైకిళ్ల బృందం పేరు కూల్స్. హరజుకులో 1974 చివర్లో మొదలైన ఆ బృందం 1975 సెప్టెంబరులో తనే బ్యాండుగా మారి కింగ్ రికార్డ్స్ నుంచి ‘మురసకి నో హైవే’ అనే మొదటి సింగిల్ విడుదల చేసింది. పాడినవాళ్లలో తచి హిరోషి ఉన్నాడు, తర్వాత పెద్ద నటుడయ్యాడు.

ఇక్కడ కొనేవాళ్లకు పనికొచ్చే సంగతి ఒకటుంది. కారోల్, కూల్స్ తొలి రికార్డుల్లో నిలువుగా పట్టుకుని తీగను లాగి కొట్టే పెద్ద బాస్ ఉండదు, ఎలక్ట్రిక్ బాసే. శుద్ధ రాకబిలీ కంటే 50ల రాక్ అండ్ రోల్‌కీ, పేరు రాకముందు హాంబర్గ్ క్లబ్బుల్లో వాయించిన రోజుల బీటిల్స్‌కీ దగ్గరగా ఉంటాయి. ఆ నిలువు బాసు ‘టక్ టక్’ కోసం వెతికేవాళ్లు 1980 తర్వాత, అమెరికా బ్యాండు స్ట్రే క్యాట్స్ ప్రభావంతో వచ్చిన తరాన్ని చూడాలి. ఏ తరం బ్యాండయినా పాత పాటల్ని మళ్లీ రికార్డు చేసేటప్పుడు ఒక్కోసారి ఎలక్ట్రిక్ బాస్ తీసేసి నిలువు బాస్ పెడతారు. నాకు అది చాలా ఇష్టం. పాత పాట వింటూ పెరిగినవాళ్లకు అదే నచ్చకపోవచ్చు.

మళ్లీ ఎందుకు పాడతారు?

చాలాసార్లు అసలు కారణం డబ్బు, హక్కు. పాట వేరు, రికార్డింగ్ వేరు. పాట రాసినవాడికి, స్వరం కట్టినవాడికి ఉండే హక్కు ఒకటి, జపాన్‌లో ఆ వసూళ్లను ఎక్కువగా జస్రాక్ అనే సంస్థ చూస్తుంది. టేపు మీద ఎక్కిన శబ్దం మీద హక్కు ఇంకొకటి, అది మామూలుగా డబ్బు పెట్టిన కంపెనీదే. ఇరవయ్యేళ్ల వయసులో సంతకం పెట్టిన కుర్రాళ్లకు ఆ టేపు మీద హక్కు ఉండదు. కంపెనీ ఆ ఆల్బమ్‌ను మళ్లీ వేయకపోతే తమ పాట తామే అమ్ముకోలేరు. తామే డబ్బు పెట్టి మళ్లీ రికార్డు చేస్తే మాత్రం ఆ కొత్త శబ్దం వాళ్ల సొంతం. టేలర్ స్విఫ్ట్ 2021 నుంచి తన పాత ఆల్బమ్‌లను మళ్లీ పాడి విడుదల చేయడం వల్ల ఈ సంగతి ప్రపంచానికంతా తెలిసింది కానీ, రాక్ అండ్ రోల్‌లో ఇది చాలా పాత అలవాటు. లిటిల్ రిచర్డ్, జెర్రీ లీ లూయిస్ ఇద్దరూ 1964లోనే తమ పాత హిట్లను కొత్త కంపెనీలకు మళ్లీ పాడిచ్చారు. 1967లో చక్ బెర్రీ కూడా మెర్క్యురీ కంపెనీకి అలాగే చేశాడు.

చక్ బెర్రీ రెండు రికార్డింగులూ పక్కపక్కన విని చూడండి. చెస్ కంపెనీకి 50ల్లో పాడినవాటిలో ఒక ఆత్రం ఉంటుంది, మాట పూర్తికాకముందే గిటారు అందుకుంటుంది. మెర్క్యురీలో శబ్దం శుభ్రంగా ఉంది, మనిషి మాత్రం తొందరలో లేడు. కంపెనీ అడిగింది, పాడి ఇచ్చాడు. రాయ్ ఆర్బిసన్ సంగతి దీనికి సరిగ్గా ఎదురు. 60ల్లో మాన్యుమెంట్ కంపెనీకి పాడిన పాటలను 1987లో మళ్లీ పాడి ఆల్బమ్‌గా తెచ్చాడు. వయసు యాభై దాటింది, అయినా ఆ గొంతు పైస్థాయికి వెళ్లినచోట నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. కాబట్టి రీరికార్డింగ్ అనగానే తీసిపారేయకూడదు, ఎగబడీ కొనకూడదు. పని ముగించడానికి పాడారా, మళ్లీ చెప్పాలని పాడారా అన్నది వినే చెవికి తెలిసిపోతుంది.

చెవి పెట్టి వింటే

షింజుకులో ఆ సీడీ కొన్న రాత్రి నిషికసాయిలోని మా ఇంట్లో, పిల్లలు పడుకున్నాక వంటగది బల్ల దగ్గర కూర్చుని కొత్త సీడీ హెడ్‌ఫోన్లో విన్నాను. మరుసటి వారం పాతది తెచ్చాక రెండూ ఒకటి తర్వాత ఒకటి. నాకు గిటారు కొంచెం వచ్చు కాబట్టి పక్కన పెట్టుకున్నాను. పాత పాట ఇ (E) శ్రుతిలో ఉంది. రాకబిలీ గిటారుకు ఇ, ఎ శ్రుతులంటే ప్రాణం, ఎందుకంటే వేలు పెట్టకుండా వదిలేసిన తీగలు వాటంతటవే మోగుతూ ఉంటాయి. కొత్త రికార్డింగ్ అరమెట్టు కిందికి దిగింది. వయసు మీద పడ్డ గొంతుకు అది తప్పదు. కానీ అలా దిగితే వదిలేసిన తీగలు పనికిరావు. అందుకే గిటారిస్టు తీగలన్నీ అరమెట్టు సడలించి వాయించాడు. నేనూ సడలించి చూశాను, అప్పుడు గానీ కలవలేదు. సడలిన తీగ శబ్దం వేరు: కాస్త బరువుగా, ముద్దగా, కింద పెట్టిన ఇత్తడి బిందెను తట్టినట్టు ఉంటుంది. పాతదానిలో అదే తీగ సైకిల్ బెల్లులా ఖణీమంది.

ఒక్క అరమెట్టు మార్పుకు పాట స్వభావమే మారిపోయింది. కుర్రాడు అమ్మాయి కోసం అరుస్తున్న పాట, ఒక పెద్దాయన ఆ అమ్మాయిని తలుచుకుంటున్న పాట అయింది. మాట ఒక్కటీ మారలేదు. నేను రెండోది విన్నాక కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

రెండో తేడా ప్రతిధ్వని. 1954లో అమెరికాలోని మెంఫిస్‌లో సన్ రికార్డ్స్ యజమాని శామ్ ఫిలిప్స్ రెండు టేపు యంత్రాలను కలిపి, పాడిన మాట వెంటనే ఇంకోసారి తగిలేలా చేశాడు. దాన్నే స్లాప్‌బ్యాక్ అంటారు. ఆ తట్టు లేకపోతే రాకబిలీ చప్పగా ఉంటుంది. పాత జపాన్ రికార్డుల్లో ఇది టేపు మీదే కలిసిపోయి ఉంటుంది, ఎంత రీమాస్టర్ చేసినా విడదీయలేరు. కొత్త రికార్డింగుల్లో కంప్యూటర్లో ఎంత కావాలంటే అంత పెట్టుకోవచ్చు. కొందరు మరీ ఎక్కువ పెడతారు, బావిలో నిలబడి పాడినట్టుంటుంది. కొందరు సిగ్గుపడి తీసేస్తారు. కొనేముందు ఆన్‌లైన్లో మొదటి 30 సెకన్లు వింటే ఇది పట్టేయవచ్చు.

డ్రమ్స్ విషయంలో నా ఓటు చాలాసార్లు కొత్తదానికే. నలభై ఏళ్లు వాయించిన చేయి తొందరపడదు. కుర్రతనంలో చరణం నుంచి పల్లవికి వచ్చేసరికి వేగం పెరిగిపోతుంది, పెద్దయ్యాక అదే దెబ్బను కాస్త ఆలస్యంగా, కుదురుగా వేస్తారు. కాళ్లు వాటంతటవే ఊగుతాయి. ఆదివారాలు యొయొగి పార్కు గేటు దగ్గర తోలు జాకెట్లు వేసుకుని రాకబిలీకి నాట్యం చేసే బృందాలను ఎప్పుడైనా చూస్తే వాళ్ల బూట్ల ముందు భాగం గమనించండి. తారు రోడ్డు మీద తిరిగి తిరిగి చిరిగిపోకుండా టేపు చుట్టి ఉంటుంది. ఆ పాదాలను చూశాక ఈ సంగీతంలో లయ ఎంత ముఖ్యమో నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఎవరు వాయించారు?

కవరు మీద బ్యాండు పేరు అదే ఉన్నా లోపలి మనుషులు అదే కావాలని లేదు. ఇది తప్పక చూడాలి. తచి హిరోషి 1977లో కూల్స్ నుంచి బయటికి వచ్చేశాడు. బ్యాండు ఆగలేదు, పేరు కాస్త మార్చుకుని మనుషులు మారుతూ దశాబ్దాల పాటు సాగింది. కాబట్టి ఆయన గొంతు కోసమే తొలి కూల్స్ కావాలనుకునేవాళ్లు 1975-77 మధ్య రికార్డింగులే తీసుకోవాలి. కారోల్ అయితే ఇక ఆ నలుగురూ కలిసి మళ్లీ పాడే అవకాశం లేదు, జానీ ఓకురా 2014లో కన్నుమూశారు. ఆ బ్యాండు విషయంలో ఎంపిక పాత స్టూడియో ఆల్బమ్‌లకూ 1975 చివరి కచేరీ రికార్డుకూ మధ్యే. నన్నడిగితే మొదట కచేరీదే తీసుకోండి. బ్యాండు విడిపోతోందని తెలిసిన జనం పాడిన పాట వేరేగా ఉంటుంది.

అసలు సభ్యుల్లో సగానికి పైగా ఉంటే రీరికార్డింగ్ మీద డబ్బు పెట్టవచ్చన్నది నేను పెట్టుకున్న లెక్క. గాయకుడు, డ్రమ్మర్ ఇద్దరూ పాతవాళ్లే అయితే ఇంకేం ఆలోచించను.

ఏది ఏదో కనిపెట్టడం

నా పొరపాటు ఇక్కడే జరిగింది. జపాన్‌కు వచ్చిన కొత్తలో ఆన్‌లైన్లో ఒకాయన దగ్గర ‘బెస్ట్’ ఆల్బమ్ ఒకటి తెప్పించుకున్నాను. ఫొటోలో 70ల నాటి బొమ్మ, పాటల పేర్లన్నీ పాతవే. వచ్చాక పెట్టి వింటే మొదటి వాక్యానికే తెలిసిపోయింది. గొంతు పెద్దాయనది. అమ్మినాయనను అడిగితే ‘అవే పాటలు కదండీ’ అన్నాడు. అబద్ధం కాదు, కానీ నేను కొనాలనుకున్నది అది కాదు.

అప్పటి నుంచి సీడీ వెనక చిన్న అక్షరాలు చదవకుండా కొనను. గుండ్రం గీతలో పి అక్షరం, పక్కన సంవత్సరం ఉంటుంది. అది ఆ రికార్డింగ్ మొదట విడుదలైన ఏడాది. గుండ్రంలో సి అక్షరం వేరు, అది కవరు, రాతలకు సంబంధించింది. పి పక్కన 1976 ఉంటే పాత టేపే. కొత్త ఏడాది ఒక్కటే ఉంటే అనుమానించండి. రీమాస్టర్లకు కొన్నిసార్లు కొత్త ఏడాదే వేస్తారు, అప్పుడు పాట నిడివి చూడాలి. పాత పాట 2 నిమిషాల 31 సెకన్లయితే రీమాస్టర్ కూడా ఒకటి రెండు సెకన్ల తేడాతో అంతే ఉంటుంది. మళ్లీ పాడినది సెకను సెకనుకు సరిపోవడం దాదాపు అసాధ్యం. స్ట్రీమింగ్ యాప్‌లలో అయితే నాకు ఈ నిడివి లెక్కే ఆధారం. ఇంకోటి, ఆ యాప్‌లలో బ్యాండు పేరు ఇంగ్లిష్‌లో కొడితే అన్నీ రావు. జపనీస్ లిపిలో ఉన్న పేరు కాపీ చేసి పెట్టి వెతకండి.

ధరలు, తెప్పించుకోవడం

కొత్త ఆల్బమ్ సీడీ జపాన్‌లో సుమారు 3,000 యెన్లు. కొత్త సీడీలకు అక్కడ నిర్ణీత ధర అమలవుతుంది కాబట్టి షాపు మారితే పెద్దగా తగ్గదు. తగ్గేది సెకండ్‌హ్యాండ్‌లోనే. డిస్క్ యూనియన్ లాంటి షాపుల్లో పాత రీమాస్టర్ సీడీలు అందులో సగానికీ దొరుకుతుంటాయి. కవరు పక్కన చుట్టిన సన్నని కాగితపు పట్టీని ఓబి అంటారు, అది ఉంటే ధర పెరుగుతుంది. మీకు పాటే కావాలంటే ఓబి లేనిదే తీసుకోండి, ఆ మిగిలిన డబ్బుతో ఇంకో సీడీ వస్తుంది. పాత ఎల్పీలు అందంగా ఉంటాయి, కానీ హైదరాబాద్‌కో విశాఖకో తెప్పించుకుంటే పోస్టేజీ, కస్టమ్స్ కలిపి రికార్డు ధరను మించిపోయే వీలుంది. 7 అంగుళాల సింగిల్స్ కొంటే మధ్యలో రంధ్రం పెద్దదిగా ఉంటుంది, అడాప్టర్ లేకుండా తిరగదు.

రీరికార్డింగ్ ఆల్బమ్‌లకు మొదటి విడతలో డీవీడీ జత చేసి ఎక్కువ ధరకు అమ్మడం అక్కడ మామూలు. స్టూడియోలో ముసలాయన డ్రమ్ముల ముందు కూర్చుని చెమట తుడుచుకునే దృశ్యాల కోసం నాకు కొనబుద్ధి అవుతుంది. కానీ జపాన్ డీవీడీ రీజియన్ 2, ఇండియాది 5, అమెరికాది 1. రీజియన్ తాళం లేని ప్లేయర్ లేకపోతే ఆడదు. బ్లూరే అయితే జపాన్, అమెరికా ఒకటే రీజియన్, ఇండియా వేరు. డాలస్‌లో ఉన్న మా తమ్ముడు బ్లూరే తెప్పించుకుని హాయిగా చూశాడు, విజయవాడలో స్నేహితుడికి పంపింది మాత్రం అలాగే పెట్టెలో ఉంది.

మరి మీకు ఏది?

ఈ బ్యాండ్లను ఎప్పుడూ విననివాళ్లు రీమాస్టర్ చేసిన పాత రికార్డింగుతోనే మొదలుపెట్టండి. నేను చేసినట్టు తిరగేసి మొదలుపెడితే కొత్తదాని విలువ సగం కూడా తెలియదు. మొదటి ఉత్తరం చదవకుండా జవాబు చదివినట్టు అవుతుంది.

పాతవి ఇప్పటికే కంఠతా వచ్చినవాళ్లకు రీమాస్టర్ మీద మళ్లీ డబ్బు పెట్టడం అనవసరం. మీరు కొనాల్సింది రీరికార్డింగే. ఈటీవీ స్వరాభిషేకంలో బాలుగారు తన పాత పాటలు పెద్ద వయసులో మళ్లీ పాడినప్పుడు మా ఇంట్లో అందరం పని ఆపి కూర్చునేవాళ్లం. పాత రికార్డు బీరువాలో ఉంది కదా అని ఎవరూ లేచిపోలేదు. ఆ అనుభవమే ఇక్కడా.

గిటారో, బాసో నేర్చుకునేవాళ్లకు కూడా కొత్తదే మంచిది. ఒక్కో వాయిద్యం విడిగా వినిపిస్తుంది, వేళ్లు ఎక్కడ కదులుతున్నాయో పోల్చుకోవచ్చు. శ్రుతి దించారేమో మాత్రం మొదటే చూసుకుని తీగలు సరిచేసుకోండి. టోక్యోకు వచ్చి ఆ బ్యాండు కచేరీకి వెళ్లే ఆలోచన ఉంటే సరేసరి, స్టేజీ మీద మీరు వినబోయేది ఈ దించిన శ్రుతిలోని, ఈ కుదురైన లయలోని పాటే. కార్లో పెట్టుకుని గట్టిగా వినడానికి, వంట చేస్తూ ఊగడానికి మాత్రం పాతదే. అందులో ఆ సైకిల్ బెల్లు ఉంది.

రెండూ కొనే స్తోమత ఉంటే ఒకే రోజు వినకండి. పాతది ఒక నెల తిప్పండి, పల్లవి మీకు తెలియకుండానే నోట్లో ఆడాలి. ఆ తర్వాత ఒక రాత్రి ఇల్లు సద్దుమణిగాక కొత్తది పెట్టండి.